మెలియోయిడోసిస్: రోజుల లెక్క చీము తీసిన నాటి నుంచి

అమ్మా,

నువ్వు పంపిన కేసు వివరాలు చూశాను. అదుపులో లేని షుగరు, మూడు వారాల జ్వరం, లివర్‌లోనూ స్ప్లీన్ (ప్లీహం)లోనూ చీము గడ్డలు, పైగా వానాకాలంలో వరిచేలో పని. ఇన్ని కలిసినప్పుడు కల్చర్ (క్రిమిని ప్లేటు మీద పెంచి చూసే పరీక్ష) రాకముందే, తడి మట్టిలో ఉండే బ్యాక్టీరియాతో వచ్చే మెలియోయిడోసిస్‌ని అనుమానించాలి. టీబీ మందులు వేసి చూద్దామనే ఆలోచన మానుకో. ఈ జబ్బు మన దగ్గర తరచుగా టీబీ పేరు మీదే చలామణి అవుతుంది.

చీమును స్వాబ్‌తో కాదు, సిరంజిలోకి లాగి పంపు. రక్తం, మూత్రం, గొంతు స్వాబ్ కూడా పంపు, గొంతు మామూలుగా ఉన్నా సరే. ల్యాబ్‌కు ఫోన్ చేసి అనుమానం నోటితో చెప్పాలి. చెప్పకపోతే వాళ్ల జాగ్రత్తలో వాళ్లు ఉండరు, పైగా ‘సూడోమోనాస్’ అని వేరే క్రిమి పేరు రాసి పక్కన పెట్టేస్తారు. ఆక్సిడేజ్ అనే ల్యాబ్ పరీక్ష పాజిటివ్, జెంటామైసిన్‌కీ కొలిస్టిన్‌కీ లొంగదు, అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కి లొంగుతుంది: ఇలాంటి గ్రామ్ నెగటివ్ బ్యాసిలస్ (కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా) కనబడితే కాదని తేలేవరకూ మెలియోయిడోసిస్ క్రిమి బర్ఖోల్డేరియా సూడోమాలియై అనే అనుకోమను. క్రిమిని గుర్తించే మెషిన్ ఒక్కోసారి సెపేసియా అని దాని దగ్గరి క్రిమి పేరు చూపిస్తుంది, నమ్మొద్దు. ప్లేటు రెండో రోజే పారేయొద్దని కూడా చెప్పు, ముడతలు పడ్డ పొడి కాలనీలు తేలడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది.

మందు సెఫ్టాజిడిమ్, 2 గ్రాములు, ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి. ఐసీయూ కేసైతే మెరోపెనెమ్ 1 గ్రాము ఎనిమిది గంటలకోసారి, మెదడుకు పాకితే 2 గ్రాములు. కిడ్నీ దెబ్బతింటే డోసు సరిచెయ్యి. రిపోర్టులో సెఫ్ట్రియాక్సోన్ పక్కన ‘ఎస్’ (లొంగుతుంది అని) ఉన్నా దాని జోలికి పోకు, ప్లేటు మీద పనిచేసినట్టు మనిషిలో పనిచెయ్యదు.

పొట్టకూ పెల్విస్‌కూ కలిపి సీటీ తీయించు. మగవాళ్లలో ప్రొస్టేట్ గడ్డను చాలామంది వదిలేస్తారు, చెప్పుకోదగ్గ సైజుంటే దాన్ని ఖాళీ చేయాల్సిందే. లివర్‌లో పెద్ద గడ్డ ఒక్కటే ఉంటే పిగ్‌టెయిల్ (చీము బయటికి తీసే సన్నని గొట్టం) పెట్టించు. గదులు గదులుగా ఉన్నదానిలో పిగ్‌టెయిల్ ఒక్క గదినే ఖాళీ చేస్తుంది, సంచిలో చీము ఆగిపోయిందంటే గడ్డ తగ్గిందని కాదు, స్కాన్ చేసి చూడాలి. చిన్నచిన్నవి బోలెడుంటే, స్ప్లీన్‌లో ఉన్నవైనా, సూది పొడవకు. మందుకే కరుగుతాయి.

ఇంజెక్షన్లు కనీసం రెండు వారాలు. లోపల గడ్డలుంటే నాలుగు, ఎముకకు ఆరు, మెదడుకు ఎనిమిది. ఈ లెక్క అడ్మిషన్ రోజు నుంచి కాదు, ఆఖరిసారి చీము తీసిన రోజు నుంచి. ఆ తర్వాతా కల్చర్ పాజిటివ్ వస్తే మళ్లీ ఒకటి నుంచి మొదలు. కేస్‌షీట్ మీద ఆ తేదీని ఎర్ర పెన్నుతో రాసి పెట్టు, డ్యూటీ మారిన ప్రతిసారీ గొడవ దాని దగ్గరే.

జ్వరం తగ్గడానికి సగటున తొమ్మిది రోజులు పడుతుంది, చీము తీయని గడ్డలుంటే ఇంకా ఎక్కువ. అయిదో రోజున బంధువులు వచ్చి ‘ఇంకా పెద్ద మందు వేయండి డాక్టరుగారూ’ అంటారు. బీపీ నిలకడగా ఉండి మనిషి తింటుంటే మార్చకు. వారానికోసారి రక్తం కల్చర్ చేయించు. వారం దాటాక కూడా పాజిటివ్ అంటే దొరకని గడ్డ ఎక్కడో ఉందని అర్థం, మందు మార్చే ముందు దాన్ని వెతుకు.

ఇంటికి పంపేటప్పుడు కో-ట్రైమాక్సజోల్ మాత్రలు, కనీసం మూడు నెలలు. 60 కిలోలు దాటితే డీఎస్ (డబుల్ స్ట్రెంగ్త్) మాత్రలు పూటకు రెండేసి, రోజుకు రెండు పూటలు, 40 నుంచి 60 కిలోల మధ్య ఒకటిన్నరేసి. ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు రోజూ. మొదటి వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), పొటాషియం, రక్తకణాలు వారం వారం చూడు. ఇతను టెల్మిసార్టన్ అనే బీపీ మాత్ర వేసుకుంటున్నాడు కనుక పొటాషియం పెరిగే ప్రమాదం ఎక్కువ. గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్ర వాడుతుంటే షుగరు హఠాత్తుగా పడిపోతుంది, ముందే మార్పించు. ఒంటిమీద దద్దుర్లు గానీ నోట్లో పుండ్లు గానీ వస్తే మాత్ర ఆపేసి ఆ రోజే రమ్మను.

జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణం ఈ మాత్రలు మధ్యలో మానేయడమే. బాగుంది కదా అని రెండో నెలలో ఆపేస్తారు. ఇంట్లో మాత్రలు అందించే మనిషి ఎవరో కనుక్కుని వాళ్లకే చెప్పు. ఇతనికి పెల్విస్ సీటీ తీశారో లేదో నీ కాగితాల్లో లేదు, తీయించి పంపు.