ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో ఉన్న సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ అంత భారీ చర్చి కదా, దాన్ని కేథడ్రల్ అని ఎందుకు అనరు?

ఆ హోదా పరిమాణాన్ని బట్టి రాదు. బిషప్ పీఠం ఉన్నదే కేథడ్రల్. బ్రిస్టల్‌లో అది వేరే చోట ఉంది. రెడ్‌క్లిఫ్ ఆ పేటకు పారిష్ చర్చి, అంతే. దాని వైభవమంతా ఓడల వర్తకుల డబ్బు చలవే. వారిలో విలియం కానింగ్స్ విచిత్రమైన మనిషి: అయిదుసార్లు మేయర్‌గా చేసి, భార్య పోయాక మతగురువయ్యాడు. లోపల ఆయనకు రెండు శయన శిల్పాలున్నాయి: ఒకదానిలో భార్య పక్కన, రెండోదానిలో ఒంటరిగా, మతగురువు దుస్తుల్లో.

15వ శతాబ్దంలో పిడుగుపాటుకు కూలిన శిఖరాన్ని మళ్లీ పూర్తిచేసేసరికి 1872 వచ్చింది! వెళ్తే, ఆవరణలోని ట్రామ్ పట్టా ముక్క తప్పక చూడండి. 1941లో బాంబు దాడికి ఇళ్ల మీదుగా ఎగిరొచ్చి నేలలో దిగబడింది; పీకకుండా అలాగే ఉంచారు.