అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇంకా పుస్తకాల షాపుకు ఎందుకు వెళ్ళాలి?

"ఫోన్‌లో రెండు మాటలు టైప్ చేస్తే వచ్చే సమాచారం కోసం పుస్తకాల షాపు దాకా వెళ్ళి, అరల మధ్య గంటలకొద్దీ తిరగడం టైం వేస్ట్ కాదా?" అని ఒకరు నన్ను అడిగారు. ముమ్మాటికీ కాదు. కొత్త కాగితం వాసన గురించీ, షాపులో ఉండే ప్రశాంతత గురించీ ఇప్పటికే చాలామంది రాసి ఉంటారు. అవి నాకూ ఇష్టమే. కానీ నా దగ్గర అంతకంటే గట్టి కారణం ఉంది. నా కారుకు వచ్చిన రోగం ఏమిటో నాకు తెలిసింది ఒక పుస్తకాల షాపులో. అప్పటికే ఇంటర్నెట్ అంతా గాలించాను, వర్క్‌షాప్‌కి డబ్బు కూడా కట్టాను.

కొన్నేళ్ళ కిందటి సంగతి. పొద్దున పూట కారు స్టార్ట్ అవడానికి మొరాయించేది. సెల్ఫ్ కొడితే ఇంజన్ నీరసంగా తిరిగేది, ఒక్కోసారి టిక్ టిక్‌మని చప్పుడు చేసి ఊరుకునేది. వర్క్‌షాప్‌కి తీసుకెళితే బానెట్ ఎత్తీ ఎత్తగానే "బ్యాటరీ పోయింది మేడం" అన్నారు. వోల్టులు చూపించే మీటరు పెట్టి చూడలేదు. కొత్త బ్యాటరీ వేసి పంపించారు. కొంతకాలం బాగానే నడిచింది, తర్వాత మళ్ళీ అదే వరస. ఈసారి సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు కాస్త మసకబారేవి. డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు ఉన్నట్టుండి వెలిగి, యాక్సిలరేటర్ తొక్కితే ఆరిపోయేది. అదే వర్క్‌షాప్‌కి ఫోన్ చేస్తే "కొత్త బ్యాటరీ కదా మేడం, ఎక్కడో లూజ్ కనెక్షన్ అయ్యుంటుంది" అని పెట్టేశారు.

ఇక రాత్రిళ్ళు కూర్చుని వెతకడం మొదలుపెట్టాను. "కారు స్టార్ట్ అవడం లేదు, టిక్ టిక్ శబ్దం" అని కొడితే బ్యాటరీ అన్నవాళ్ళు ఉన్నారు, సెల్ఫ్ మోటర్ అన్నవాళ్ళు ఉన్నారు. ఇగ్నిషన్ స్విచ్ అని ఒకరు, ఎర్త్ వైరు అని ఇంకొకరు, ఫ్యూయల్ పంప్ అని మరొకరు. ఎవరి బండి విషయంలో వాళ్ళు కరెక్టే అయి ఉంటారు. వీడియోలైతే ముందు పలకరింపు, ఆ తర్వాత ఛానెల్‌ని ఫాలో అవమని అభ్యర్థన, ఆ తర్వాత స్పాన్సర్ ప్రకటన, అన్నీ అయ్యాక చూస్తే అది నా బండే కాదు. ఒకచోట అచ్చం నా లక్షణాలే రాసిన మనిషి కనిపించాడు. ఎంత సంతోషం వేసిందో! కింద అతనే "ప్రాబ్లం సాల్వ్ అయింది, అందరికీ థాంక్స్" అని రాసి వెళ్ళిపోయాడు. ఏం చేస్తే సాల్వ్ అయిందో రాయలేదు. ఇలా చేసేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. దయచేసి రిపేరు అయ్యాక ఏ పార్ట్ మార్చారో ఒక్క వాక్యం రాయండి, తర్వాత వచ్చేవాళ్ళకు అది ఎంతో ఉపయోగం.

చివరికి ఒక సాయంత్రం షాపుల వరుస ముందు కారు ఆపి, పని చూసుకుని తిరిగొచ్చి సెల్ఫ్ కొడితే బండి అస్సలు లేవలేదు. రోడ్డు మీద ఆగిన బండ్ల కోసం ఉండే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే గంటకు పైనే పడుతుందన్నారు. ఫోన్‌లో చార్జింగ్ అడుక్కొచ్చింది. పక్కనే పుస్తకాల షాపు కనిపిస్తే లోపలికి వెళ్ళాను. కారు పుస్తకం కోసమని కాదు, నిలబడటానికి ఒక నీడ దొరుకుతుందని.

కౌంటర్ దగ్గర పెద్దాయన ఒకరు ఉన్నారు. "ఏం కావాలమ్మా?" అన్నారు. "ఊరికే చూస్తున్నానండీ, బయట నా కారు ఆగిపోయింది, మెకానిక్ వచ్చేదాకా ఉంటాను" అన్నాను. "దానికేం, చూడండి" అని ఆ చివరి వైపు లైటు కూడా వేశారు. నవలలు, పిల్లల పుస్తకాలు దాటుకుని వెళితే చివర్లో టెక్నికల్ పుస్తకాలు ఉన్నాయి. మోటర్ వైండింగ్, ఇంటి వైరింగ్, వెల్డింగ్, ఫ్రిజ్ రిపేరు. అన్నిటికంటే కింది అరలో, వంగితే తప్ప కనిపించని చోట, కార్ల ఎలక్ట్రికల్ సిస్టమ్ మీద లావుపాటి పుస్తకం ఒకటి. వెనక అట్ట మీద ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తుపట్టే నంబరు, పది అంకెలదే. పదమూడు అంకెల పద్ధతి వచ్చింది 2007 జనవరి నుంచి, కాబట్టి అది అంతకు ముందు అచ్చయినదని అర్థమైంది. తెరిచి చూస్తే చార్జింగ్ సిస్టమ్ మీద ఒక అధ్యాయం మొత్తం ఉంది.

నన్ను అక్కడే నిలబెట్టేసింది ఆ అధ్యాయంలో మొదట చెప్పిన విషయం. ఇంజన్ నడుస్తున్నప్పుడు ఎర్ర బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ పాడైందని అర్థం కాదట, దానికి చార్జింగ్ అందడం లేదని అర్థమట. ఇంజన్ తిరుగుతుంటే బెల్టు ఆల్టర్నేటర్‌ని తిప్పుతుంది. బండికి కావలసిన కరెంటు ఇచ్చేది అదే, బ్యాటరీని మళ్ళీ నింపేదీ అదే. బ్యాటరీ అసలు పని ఇంజన్‌ని స్టార్ట్ చేయడం. ఆల్టర్నేటర్ చేతులెత్తేస్తే లైట్లు, వైపర్లు, చివరికి స్పార్క్ ప్లగ్గులకు వెళ్ళే కరెంటు కూడా బ్యాటరీలోంచే పోతుంది. జీతం ఆగిపోయిన ఇంట్లో దాచుకున్న డబ్బు తీసి ఖర్చు పెట్టడం లాంటిదన్నమాట. అలాంటి బండికి కొత్త బ్యాటరీ వేస్తే అది ఖాళీ అయ్యేదాకా నడుస్తుంది. ఈలోగా అందరూ రోగం కుదిరిందనుకుంటారు.

ఆ తర్వాత కొన్ని అంకెలు ఇచ్చారు. కారు బ్యాటరీలో ఆరు సెల్స్ ఉంటాయి, ఒక్కొక్కటి సుమారు 2.1 వోల్టులు. కాబట్టి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు నిండు బ్యాటరీ దాదాపు 12.6 చూపించాలి. ఇంజన్ ఆన్‌లో ఉంటే 13.8 నుంచి 14.5 దాకా ఉండాలి. ఇంజన్ నడుస్తున్నా 12 దగ్గరే ఉందంటే చార్జింగ్ లేనట్టే. పరీక్ష మొత్తం ఇంతే! మీటరు రెండు వైర్లు బ్యాటరీకి ఆనిస్తే నిమిషంలో తేలిపోయే దానికి నేను అన్ని రాత్రులు టెన్షన్ పడ్డాను.

నేను నిలబడే చదువుతుండటం చూసి ఆ పెద్దాయన స్టూలు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళిపోయారు. కొంటారా లేదా అని అడగలేదు. నేనైతే ఆ పేజీలు రెండోసారి చదివాను.

హెల్ప్‌లైన్ నుంచి వచ్చిన కుర్రాడు కూడా బానెట్ ఎత్తగానే "బ్యాటరీ డౌన్ అయింది మేడం, జంప్ ఇస్తాను. రేపు కొత్తది వేయించుకోండి" అన్నాడు. "బాబూ, నీ దగ్గర మీటరుందా? ముందు ఒకసారి చూడు, ఇంజన్ స్టార్ట్ అయ్యాక ఇంకోసారి చూడు" అన్నాను. స్టార్ట్ చేయకముందు 11.7. వేరే బ్యాటరీకి కేబుల్స్ కలిపి జంప్ ఇచ్చి, ఇంజన్ అందుకున్నాక కేబుల్స్ తీసేసి చూస్తే 12.1. "హెడ్‌లైట్లు వెయ్యి" అన్నాను. 11.9కి దిగింది, ఇంకా మెల్లగా దిగుతూనే ఉంది. అతను మీటరు వైపు చూసి "డైనమో మేడం. బ్యాటరీ తప్పేం లేదు" అన్నాడు. ఆల్టర్నేటర్‌నే మెకానిక్‌లు డైనమో అంటారు. చురుకైన కుర్రాడు, చూడగానే పట్టేశాడు. చూసేంత తీరిక అతనికి ఎవరూ ఇవ్వడం లేదు. నాతో మాట్లాడుతున్నంతసేపూ తర్వాతి కాల్ కోసం అతని ఫోన్ మోగుతూనే ఉంది.

ఈసారి వేరే వర్క్‌షాప్‌కి వెళ్ళాను. ఆల్టర్నేటర్ విప్పితే లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉన్నాయి. అందుకే కాసేపు చార్జింగ్ అవుతూ, కాసేపు ఆగుతూ అందరినీ తికమక పెట్టింది. బ్రష్‌లతో కలిసి వచ్చే రెగ్యులేటర్ ముక్క ఒక్కటి మార్చారు, అంతే. బ్యాటరీని చార్జ్ చేసి అదే బిగిస్తే ఏళ్ళ తరబడి పనిచేసింది. అంతకు ముందు తీసిపారేసిన బ్యాటరీ కూడా బాగానే ఉండి ఉంటుందని నా గట్టి నమ్మకం.

"ఆ అంకెలు ఇంటర్నెట్‌లోనూ ఉన్నాయి కదా" అంటారేమో. ఉన్నాయి. "ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఎంత ఉండాలి" అని అడిగితే మొదటి పేజీలోనే వస్తాయి. కానీ అలా అడగాలంటే తప్పు ఆల్టర్నేటర్‌లో ఉండొచ్చని నాకు ముందే తట్టాలి. నేను అడిగింది స్టార్ట్ అవడం గురించి, నాకు కావలసింది చార్జింగ్ గురించి. వెతికే పెట్టె నేను అడిగినదానికే జవాబు చెప్పింది. షాపులో మాత్రం నేను ఏమీ అడగకుండానే అది నా కళ్ళబడింది. పుస్తకాల షాపులో తిరగడానికి నేను ఇంత విలువ ఇచ్చేది ఇందుకే.

నేను ఇంటర్నెట్‌కి వ్యతిరేకిని కాను. ఒకప్పుడు ఇంటర్నెట్‌లోనూ ఇలాగే తిరిగేవాళ్ళం. స్టంబుల్‌అపాన్ అని ఒకటి ఉండేది, బటన్ నొక్కితే ఎక్కడో తెలియని పేజీకి తీసుకెళ్ళేది. 2018లో మూసేశారు, నాకు చాలా బాధేసింది. అలా తిరుగుతూనే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కాఫీ కెమెరా గురించి తెలుసుకున్నాను. కాఫీ ఉందో లేదో లేచి వెళ్ళకుండా చూసుకోవడానికి అక్కడి కంప్యూటర్ ల్యాబ్ వాళ్ళు 1991లో ఆ పాత్ర ముందు కెమెరా పెట్టుకున్నారు. 1993లో దాన్ని వెబ్‌లో పెడితే ప్రపంచమంతా చూసింది. 2001లో ఆపేశారు. డాష్‌బోర్డులో పెట్రోల్ ముల్లు పక్కన చిన్న బాణం గుర్తు ట్యాంకు మూత ఏ వైపు ఉందో చెబుతుందని కూడా అలాగే తెలిసింది. ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన జిమ్ మోయ్లన్ 1986లో ఆ ఆలోచన రాసిచ్చారట. నేను కారు నడుపుతూ కూడా దాన్ని ఎన్నడూ గమనించలేదు.

ఆ రోజుల్లోనే ఈమెయిళ్ళలో ఒక కథ తిరిగేది. ఒకాయన వనిల్లా ఐస్‌క్రీమ్ కొన్నప్పుడల్లా కారు స్టార్ట్ అవదు, వేరే ఫ్లేవర్ కొంటే అవుతుంది. ఇంజనీర్ వచ్చి టైం రాసుకుంటూ చూస్తే తేలిందేమిటంటే, షాపు ముందు భాగంలోనే వనిల్లా ఉండటంతో ఆయన త్వరగా తిరిగొచ్చేస్తున్నాడు, వేడి ఇంజన్‌లో పెట్రోల్ ఆవిరై అడ్డుపడిన స్థితి అప్పటికి తగ్గడం లేదు. ఇది జనం చెప్పుకునే కథే కావచ్చు, కానీ కార్బ్యురేటర్ బండ్లలో అలాంటి ఇబ్బంది నిజంగానే ఉండేది. నిర్ణయానికి రాకముందు చూడటం ఎలా ఉంటుందో ఆ ఇంజనీర్‌ని చూసి నేర్చుకోవాలి.

ఇప్పుడు ఇంటర్నెట్‌లో అలా తిరగడానికి వీల్లేదు. నేను ఆన్‌లైన్‌లో మల్టీమీటర్ కొంటే ఎన్నాళ్ళపాటో మల్టీమీటర్లే చూపించారు. ఒకటి కొన్నదాన్ని ఇంకోటి ఎందుకు కొంటాను? దాచుకున్న లింకులకూ దిక్కులేదు. 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ళకల్లా తెరుచుకోవడం లేదని అమెరికాలోని ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే పరిశోధన సంస్థ 2024లో లెక్క చెప్పింది. దీనికి తోడు కొన్ని కార్లలో యూజర్ మాన్యువల్‌ని కాగితం మీద ఇవ్వడం మానేసి స్క్రీన్‌లో పెడుతున్నారు. బ్యాటరీ పడిపోతే ఆ స్క్రీన్ వెలగదు. మాన్యువల్ అత్యవసరంగా కావలసింది అప్పుడే కదా! ఇది నాకు అస్సలు మింగుడుపడని విషయం. షాపులవాళ్ళ మీద కూడా ఒక ఫిర్యాదు ఉంది. ప్రతి పుస్తకానికీ ప్లాస్టిక్ కవర్ బిగించేస్తే లోపల ఏముందో మాకెలా తెలుస్తుంది? ఒక్క కాపీ అయినా విప్పి పెట్టండి. ఆ రోజు ఆ పుస్తకానికి కవర్ ఉండి ఉంటే నేను ఇంకో బ్యాటరీ కొనేదాన్ని.

పాత పుస్తకమే చాలని అనను. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే చార్జింగ్‌ని అవసరాన్ని బట్టి తగ్గించి పెంచుతుంది కాబట్టి మీటరు కాసేపు 13 లోపు చూపించినా అది లోపం కాకపోవచ్చు. అలాంటివి మీ మోడల్ పేరుతో ఇంటర్నెట్‌లోనే చూసుకోవాలి. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతుంటే మాత్రం ఏసీ, మ్యూజిక్ ఆపేసి, మధ్యలో ఇంజన్ ఆపకుండా దగ్గర్లోని వర్క్‌షాప్‌కి వెళ్ళండి. టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్నేసి ఉంచండి. చాలా బండ్లలో ఇంజన్‌ని చల్లబరిచే వాటర్ పంపును తిప్పేది కూడా ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే, అది తెగి ఉంటే ఇంజన్ వేడెక్కిపోతుంది. ముల్లు పైకి లేస్తే ఉన్నచోటే ఆపేయాలి.

మీరు షాపుకు వెళితే ఫోన్ బ్యాగులో పెట్టేసి, మీకు సంబంధం లేదనిపించే వరుసలు కూడా చూడండి, వంగి కింది అరలు చూడండి. నచ్చింది అక్కడే కొనండి. అక్కడ తిరగేసి, ఫొటో తీసుకుని, కొంచెం తక్కువకు వస్తుందని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ అరకు అద్దె కట్టేది షాపువాళ్ళు, లైటు వేసి స్టూలు ఇచ్చేదీ వాళ్ళే. కావలసింది లేకపోతే తెప్పించమని అడగండి, చాలామంది తెప్పిస్తారు. పేరుతో పాటు ఐఎస్‌బీఎన్ కూడా రాసివ్వండి. హార్డ్‌బౌండ్‌కి ఒక నంబరు, పేపర్‌బ్యాక్‌కి ఇంకో నంబరు, కొత్త ఎడిషన్‌కి మరో నంబరు ఉంటాయి. నంబరు ఇస్తే మీరు అనుకున్న పుస్తకమే వస్తుంది.