దగ్గరికే కదా అనొద్దు అల్లుడా

రేయ్ అల్లుడా,

మొన్న కాణిపాకంలో కొత్త బండికి పూజ చేయించి ఫోటోలు పంపినావు కదా, చూసినా. బండి బాగుండాది, కాదనను. హ్యాండిల్‌కి చామంతి దండ, టైరు కింద నిమ్మకాయ, హెడ్‌లైట్ మీద పసుపు కుంకం, అన్నీ సక్రమంగా ఉండాయి. నీ కాళ్ళకి చూస్తే హవాయి చెప్పులు. వెనకాల మా అక్క ఒక పక్కకి తిరిగి కూర్చోనుండాది, తలలో మూర మల్లెపూలు, హెల్మెట్ లేదు. నీ హెల్మెట్ ఏమో సైడు అద్దానికి తగిలించి ఉండాది, అద్దానికి ఏమన్నా దెబ్బ తగుల్తాదని భయమా ఏంది. మీ అత్తకి చూపిస్తే "బండికి దిష్టి తీసినారు సరే, పిల్లోడి సంగతేంది" అనింది. ఫోన్లో చెప్తే నువ్వు "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావని ఇట్టా రాస్తా ఉండా, గమ్మున కూర్చోని మొత్తం చదువు.

ముప్పై ఏళ్ళకి పైన రేణిగుంట రోడ్డులో షెడ్డు నడిపినోణ్ణి. పడిపోయిన బండ్లు ఎన్ని చూసినానో లెక్క లేదు. బండి తెచ్చినోణ్ణి ముందు అడిగేది "యాడ పడినావప్పా" అని. నువ్వు హైవే అంటారనుకుంటావు. కాదు, మా ఇంటి సందు మొగదల, లీలామహల్ సర్కిల్ కాడ, పాలప్యాకెట్ కోసం పొయ్యి, బిడ్డని ట్యూషన్ కాడ దించేసి వస్తా... ఇవీ నేను విన్న జవాబులు. బెంగళూరు పోయేటప్పుడు అందరూ తయారై పోతారు, హెల్మెట్, బూట్లు, జాకెట్, చివరికి నీళ్ళ బాటిల్ కూడా. సందు చివర కొట్టుకి పోయేటప్పుడే లుంగీ, చెప్పులు.

నేను కూడా అంతే. ఎవరికీ పెద్దగా చెప్పుకోలేదు గానీ నీకు చెప్తా. అప్పుడు కొర్లగుంటలో ఉండేవాళ్ళం, సాయంత్రం పెరుగు కోసం బయలుదేరినా, ముప్పై స్పీడు కూడా లేదు. ఎవడో ట్రాక్టరోడు మలుపులో ఇసక ఒలకబోసి పోయినాడు, ముందు బ్రేకు పట్టినా, అంతే, బండి కింద నుంచి జారిపోయింది. తలకి ఏం కాలేదు, దేవుడి దయ. పడేటప్పుడు మనిషి ఏం చేస్తాడో తెలుసునా, చేతులు ముందుకి చాపుతాడు, నువ్వు వద్దనుకున్నా చాపుతావు, అది మన చేతిలో లేదు. కుడి అరచెయ్యి తోలు మొత్తం తారురోడ్డుకే అంటుకోని పోయింది. అది నెలకి మానింది. అసలు దెబ్బ లోపల తగిలింది. బొటనవేలి కింద మణికట్టులో జీడిపప్పు ఆకారంలో చిన్న ఎముక ఒకటి ఉంటాది, అది చిట్లింది. దానికి రక్తం సరిగా అందదు, అందుకే అతుక్కునేదానికి శానా టైం పడతాదని డాక్టరు చెప్పినాడు. మూడు నెలలు కట్టు. మెకానిక్కుకి కుడి చెయ్యి మూడు నెలలు లేకపోతే ఇంట్లో పొయ్యి ఎట్టా వెలుగుతాది చెప్పు, మీ అత్త మెళ్ళో గొలుసు అప్పుడే కుదవకి పోయింది. ఇప్పటికీ వానాకాలంలో ఆ మణికట్టు నొప్పి పుడతాది. పెరుగు ఇరవై రూపాయలు.

అందుకే అందరూ హెల్మెట్‌తో మొదలుపెడితే నేను గ్లౌజులతో మొదలుపెడతా. అరచేతి కింది భాగంలో గట్టి ప్లాస్టిక్ బిళ్ళ ఉండే గ్లౌజు తీసుకో, పడినప్పుడు చెయ్యి రోడ్డుకి పట్టుకోకుండా జారాల, పట్టుకుంటే ఆ అదురంతా మణికట్టుకే వస్తాది. మణికట్టు కాడ పట్టీ ఉండాల, లేకపోతే జారేటప్పుడు గ్లౌజు ఊడొచ్చేస్తాది. వేళ్ళు సగం కత్తిరించిన గ్లౌజులు స్టైలుకే. వెయ్యి, పదిహేను వందల్లో మంచివి వస్తాయి, నువ్వు సైలెన్సర్ మార్చేదానికి ఎంత పెట్టినావో మీ అమ్మకి చెప్పలేదంట కదా, నాకు తెలుసులే.

ఇంగ హెల్మెట్. రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసి మూడు వందలకి అమ్ముతారే, అది పోలీసులకి చూపించేదానికి తప్ప దేనికీ పనికిరాదు. లోపల గుడ్డ ఎత్తి చూడు, మామూలు స్పాంజి తగిలితే పక్కన పెట్టెయ్. గట్టి థర్మకోల్ ఉండాల. పైన డిప్ప బలంగా ఉంటే చాలు అనుకుంటారు శానామంది, అసలు పని చేసేది లోపలి థర్మకోలే. దెబ్బ తగిలినప్పుడు అది నలిగి ఆ అదురుని మింగుతాది, గుడ్లు పెట్టే అట్ట ట్రే నలిగినట్టు. ఒకసారి నలిగితే మళ్ళా ఉబ్బదు, పైకి గీత కూడా కనపడకపోవచ్చు. అందుకే గట్టిగా పడిన హెల్మెట్‌ని మళ్ళా పెట్టుకోకూడదు, ఎంత ఖరీదుదైనా సరే. దెబ్బ తగలకపోయినా ఐదేళ్ళకి మార్చెయ్. అద్దానికి తగిలిస్తే ఆ అద్దం కొన థర్మకోల్‌లో గుంట చేస్తాది, అదీ సంగతి, ఫోటో చూడంగానే నాకు మండింది అందుకే. పెట్రోలుతో, థిన్నర్‌తో తుడవొద్దు. ఇది మా మెకానిక్కులకే ఉండే పాడు అలవాటు, చేతిలో పెట్రోలు గుడ్డ ఉంటాది కదా అని మెరిసిపోవాలని తుడిచేస్తాం, డిప్ప, థర్మకోల్ రెండూ దెబ్బతింటాయి. సబ్బు నీళ్ళు చాలు.

ఐఎస్ఐ గుర్తు చూసుకో, 2021 జూన్ నుంచి అది లేని బండి హెల్మెట్ అమ్మడమే నేరం. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం బై ఎల్ (CM/L) అని కంపెనీ లైసెన్సు నంబరు ఉంటాది, ఆ నంబరు బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తాది. దొంగ స్టిక్కర్లు జాస్తి అయిపోయినాయి, కాబట్టి కొట్టి చూడు, రెండు నిమిషాల పని.

నోరు మూసే ఫుల్ ఫేస్‌దే తీసుకో. సగం హెల్మెట్లు గాలి తగుల్తాదని ఇష్టపడతారు. నా షెడ్డుకి బండితోపాటు వచ్చిన హెల్మెట్లు తిప్పి చూసేవాణ్ణి, గీతలన్నీ గడ్డం కాడ ఉండేటివి ఎన్నో. ఆ గీతలు వాడి దవడ మీద పడాల్సినవి.

సైజు సంగతి కొట్టోడికి వదలొద్దు. టైలర్ టేపు తీసుకోని కనుబొమల మీదుగా తల చుట్టూ కొలువు. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకోవాల, తల అటూ ఇటూ ఆడిస్తే హెల్మెట్‌తో పాటు చర్మం కూడా కదలాల, హెల్మెట్ ఒక్కటే తిరిగితే పెద్దదైనట్టు. పట్టీ బిగించి వెనక నుంచి పైకి లాగి చూడు, ముందుకి ఊడొస్తే వద్దు. పట్టీ కట్టకుండా పెట్టుకునేది టోపీ, హెల్మెట్ కాదు, నువ్వు కింద పడకముందే అది ఎగిరి పోతాది. బుగ్గకి, హెల్మెట్‌కి నడవ ఫోను దోపి మాట్లాడతారే, ఆ పని మాత్రం నువ్వు చెయ్యొద్దు.

మన ఊరోళ్ళకి ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాల. కొండ మీద గుండు కొట్టించుకోని దిగి వస్తామా, పోయేటప్పుడు జుట్టుతో సరిపోయిన హెల్మెట్ వచ్చేటప్పుడు వదులైపోతాది. గంధం పూసుకున్న గుండు, పైన చెమట, హెల్మెట్ జారి కళ్ళ మీదికి వస్తాది, దాన్ని ఎడమ చేత్తో ఎత్తుకుంటా మలుపు తిప్పేవాళ్ళని చూసినా, ఇంకా కొంతమంది గంధం చెదిరిపోతాదని చేతికి తగిలించుకోని వస్తారు. దిగే ఘాట్‌లో మలుపుకి మలుపు, మధ్యలో కోతులు. కాటన్ టోపీ ఒకటి జేబులో పెట్టుకో, గుండు మీద అది వేసి పైన హెల్మెట్ పెట్టుకుంటే సరిపోతాది. గంధం పోతే పోయింది, స్వామి ఏమీ అనుకోడు.

ఎండ గురించి అడుగుతావు, నాకు తెలుసు. మే నెలలో తిరుపతిలో 42, 43 డిగ్రీలు వచ్చేటప్పుడు జాకెట్టా మామా అంటావు. వల మాదిరి గుడ్డతో కుట్టిన మెష్ జాకెట్లు దొరుకుతాయి, బండి కదిల్తే గాలి నేరుగా ఒంటికి తగుల్తాది. నిలబడినప్పుడు ఉక్కపోస్తాది, అది నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాల. మోచేతులు, భుజాల కాడ ఉండే గట్టి దిండ్ల మీద సీఈ (CE) అని, 1621 అని, అంటే యూరప్ వాళ్ళ భద్రతా గుర్తు, రాసి ఉండాల, లెవెల్ 1, లెవెల్ 2 అని ఉంటాయి, 2 మంచిది. వీపు కాడ మాత్రం శానా జాకెట్లలో ఉట్టి స్పాంజి పెట్టి అమ్మేస్తారు, తీసి చూసి అసలుది విడిగా కొనుక్కో. మోకాళ్ళకి ప్యాడ్లు ప్యాంటు పైన కట్టుకునేటివి ఉండాయి, చిత్తూరు నుంచి వారం వారం వస్తావు కాబట్టి అవి కూడా. జీన్స్ ప్యాంటు ఉంటే చాల్లే అనుకోవద్దు, తారు మీద జారితే అది క్షణంలో చిరుగుతాది.

కాళ్ళకి చీలమండ మూసే బూట్లు, లేసులు లోపలికి దోపుకో, గేరు కాడ చిక్కుకుంటే సిగ్నల్లో నిలబడి పడిపోతావు, నవ్వేవాళ్ళు బోలెడుమంది ఉంటారు.

రాత్రి పూట నల్ల అద్దం హెల్మెట్ వద్దే వద్దు. గీతలు పడిన అద్దం కూడా అంతే, ఎదురొచ్చే లారీ లైటు ఆ గీతల్లో పగిలి కళ్ళంతా తెల్లగా అయిపోతాది. మామిడికాయల సీజన్లో పూతలపట్టు పక్క లోడు ట్రాక్టర్లు వెనక లైటు లేకుండా పోతుంటాయి, నీకు తెలియనిదా, ఒక్క సెకను కనపడకపోతే తొట్టి కింద దూరతావు. అద్దం ఒక్కటీ మార్చుకోవచ్చు, ఐదు వందల లోపలే. మీ కాలేజీ సారు ఒకాయన బండి రిపేరుకి తెచ్చి లెక్క వేసి చెప్పినాడు, 60 స్పీడులో పొయ్యి దేనికన్నా గుద్దుకుంటే 14 మీటర్ల పైనుంచి దూకినట్టంట, నాలుగంతస్తుల మేడ. 60 అంటే ఆ రోడ్డులో నీకు నిదానం.

ఇప్పుడు మా అక్క సంగతి. ఇదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. 2022లో హెల్మెట్ లేకుండా పొయ్యి చచ్చిపోయినోళ్ళు దేశంలో 50,029 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క, అందులో 14,337 మంది వెనక కూర్చున్నోళ్ళు. వాళ్ళు బ్రేకు వేయలేదు, మలుపు తిప్పలేదు, గుంట చూసుకోని గట్టిగా పట్టుకునేదానికి కూడా లేదు. చట్టం కూడా వెనకోళ్ళకి హెల్మెట్ పెట్టమనే చెప్తాది, లేకపోతే వెయ్యి రూపాయలు, మూడు నెలలు లైసెన్సు పోతాది. పోలీసు సంగతి వదిలెయ్, పోలీసు కోసం పెట్టుకునేవాడు పోలీసు లేని సందులో తీసేస్తాడు.

"కొప్పుకి పట్టదు, పూలు నలుగుతాయి" అంటాది అక్క, నేను ఎరగనా. కొప్పు కాస్త కిందికి మెడ కాడ వేసుకోమను, పూలు సంచీలో పెట్టుకోని దిగినాక పెట్టుకోమను. కొంగు నడుముకి చుట్టి దోపుకోవాల, చైను, వెనక చక్రం రెండూ కొంగు కోసమే కాచుకోని ఉంటాయి, శారీ గార్డు తీసేయించినావంట అందం కోసం, రేపే పొయ్యి మళ్ళా బిగించుకో. ఒక పక్కకి కాకుండా రెండు పక్కలా కాళ్ళు వేసి కూర్చుంటే మంచిది, చీరతో కష్టం అంటాది, చుడీదార్ వేసుకోమంటే నన్ను తిడతాది, ఆ మాట నువ్వే చెప్పు, నాకు ధైర్యం లేదు.

మీ అక్క కూతుర్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకోని తిప్పినావని కూడా విన్నా. నాలుగేళ్ళ లోపు బిడ్డలకి నడిపేవాడికి కట్టే బెల్టు, చిన్న హెల్మెట్ ఉండాల, స్పీడు 40 దాటకూడదు, 2023 నుంచి రూలు. పెద్దోళ్ళ హెల్మెట్ బిడ్డకి పెడితే దాని బరువుకి మెడ వాలిపోతాది. ఆ బెల్టు, హెల్మెట్ దొరికేదాకా ఆటోలో పంపించు.

ఈ ఆదివారం పొద్దున్నే రా, ఎండ ఎక్కకముందే. అక్కని కూడా తీసుకోని రా, ఆమె తల కొలిపించాల, కొట్లో నేనే కూర్చోని చూస్తా. గ్లౌజులు నా లెక్కలో, మిగతాది నీ జీతంలో. మీ అత్త సంగటి, నాటుకోడి పులుసు చేస్తానంది. బస్సులో వచ్చినా నాకేం అభ్యంతరం లేదు. బండి మీద హవాయి చెప్పులేసుకోని వస్తే మాత్రం గేటు తీయను, పులుసు వాసన బయట నిలబడి పీల్చుకో.

మీ మామ