నాన్నగారు వద్దంటున్నది కళనా, అప్పునా?

ప్రశ్న: మాది గుంటూరు. బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకున్నా, వేదికెక్కడం కంటే కార్యక్రమం నడిపించడమే నాకిష్టం. లండన్‌లోని గోల్డ్‌స్మిత్స్ యూనివర్సిటీలో ఆర్ట్స్ అడ్మినిస్ట్రేషన్ (కళాసంస్థల నిర్వహణ) ఎం.ఏ. చేయాలనుంది. మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం చేసే నాన్న "ఎంబీఏ చెయ్, లేదా బ్యాంకు కోచింగ్‌లో చేరు. డాన్సులకు లక్షలు పొయ్యలేను" అన్నారు. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. ఏం చేయను?

జవాబు: ఆయన మాటలో "డాన్సులకు" అన్నది మీకు గుచ్చుకుంది. నిజానికి ఆయన భయం "లక్షలు" దగ్గరుంది. ఆ భయం అర్థంలేనిది కాదమ్మా. కోర్సు ఏడాదే అయినా ఫీజు, లండన్ ఖర్చులు కలిపితే 30 లక్షలు దాటుతాయి. విద్యారుణం 7.5 లక్షలు మించితే బ్యాంకులు మామూలుగా ఆస్తి తాకట్టు అడుగుతాయి. అంటే ఇంటి కాగితాలు పెట్టాలి. చదువయ్యాక అక్కడే ఉద్యోగ వీసా కావాలంటే ప్రభుత్వం నిర్ణయించిన కనీస జీతం ఉండాలి. కళాసంస్థల్లో తొలి ఉద్యోగాలకు అంత జీతం దొరకడం కష్టం. తిరిగొస్తే ఆ అప్పును ఇక్కడి జీతంతో తీర్చాలి.

అందుకే లండన్ వద్దనను గానీ, ఇప్పుడే వద్దంటాను. రెండేళ్లు పని చేశాక వెళితే అక్కడ చెప్పేది మీకు పదింతలు ఉపయోగపడుతుంది.

మీ బీకాం చిన్న విషయం కాదు. మన దగ్గర నాట్యం తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు, నాట్య సంస్థ లెక్కలు రాయగలవాళ్లే తక్కువ. ఒక ఉదాహరణ చెబుతాను. కేంద్ర సాంస్కృతిక శాఖ ప్రదర్శనలకు గ్రాంటు ఇస్తుంది. దానికి సంస్థ రిజిస్టరై ఉండాలి, స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో నమోదై ఉండాలి, ఆడిట్ లెక్కలు చూపాలి. చివరి వాయిదా మాత్రం కార్యక్రమం అయిపోయి, డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ ధ్రువపత్రం సీఏ సంతకంతో పంపాకే వస్తుంది. ఈ ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోని సంస్థలు మృదంగం వాయించినాయనకు నెలల తరబడి బాకీపడతాయి. మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు కళలకూ ఇవ్వొచ్చని 2013 కంపెనీల చట్టంలోనే ఉంది, కానీ కాగితాలు సరిగ్గా లేక చాలా సంస్థలు అడగనే అడగవు.

హక్కుల సంగతీ తెలుసుకోండి. క్షేత్రయ్య పదం ఎప్పటిదో పాతది కాబట్టి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈమధ్య ఎవరో పాడి రికార్డు చేసిన అదే పదాన్ని స్పీకర్లో వేస్తే మాత్రం ఆ రికార్డింగుకు లైసెన్సు తీసుకోవాలి. శాస్త్రీయ, జానపద కళాకారుల ప్రదర్శన పారితోషికం 1.5 లక్షల దాకా జీఎస్టీ లేదు.

కోర్సుల పేర్లు చూసి పొరబడకండి. హైదరాబాద్ యూనివర్సిటీలో డాన్స్ ఎం.పి.ఏ. (ప్రదర్శన కళల పీజీ) నర్తకిగా ఎదగడానికి, నిర్వహణ నేర్చుకోవడానికి కాదు. ఈవెంట్ మేనేజ్‌మెంట్ డిప్లొమాల్లో ఎక్కువగా పెళ్లిళ్లు, కంపెనీ వేడుకల పనే నేర్పుతారు. నాన్నగారు చెప్పే ఎంబీఏనే నాగార్జున యూనివర్సిటీ దూరవిద్యలో చేస్తూ, మీ గురువుగారి దగ్గరో విజయవాడలో కచేరీలు, నాట్య ప్రదర్శనలు ఏర్పాటు చేసే ఏదైనా సభలోనో పని మొదలుపెట్టవచ్చు. జీతం మొదట నామమాత్రమే. పూర్తి ఉద్యోగాలు కావాలంటే చెన్నై, బెంగళూరు, ముంబయి వైపు చూడక తప్పదు, ఆ మాట ఇంట్లో ముందే చెప్పండి.

ఇప్పుడు చేయాల్సింది ఒకటుంది. మీ గురువుగారి తదుపరి ప్రదర్శనకు బడ్జెట్ మీరు వేయండి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రమో, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరమో, స్వయంగా వెళ్లి అద్దెలో ఏమేం కలుస్తాయో అడగండి. సౌండు, లైట్లు, జనరేటరు, ముందురోజు రిహార్సల్ సమయం విడిగా లెక్కకొస్తాయేమో చూడండి. నట్టువాంగం (తాళం వేస్తూ నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు ఎవరికెంతో రాయండి. ఆహార్యం (దుస్తులు, నగలు), మేకప్, ప్రయాణాలు, భోజనాలు చేర్చి, మొత్తం మీద 10 శాతం అనుకోని ఖర్చులకు ఉంచండి. ఉచిత పాసులను ఆదాయంలో వేయకండి. రావాల్సిన విరాళాన్ని వచ్చినట్టు రాయకండి.

ఆ కాగితం నాన్నగారికిచ్చి, "ఇందులో ఎక్కడ నష్టపోతానో చూడండి" అని అడగండి. రోజూ సరుకు, బాకీలు చూసే మనిషి ఆయన, తప్పు ఎక్కడుందో మీకంటే ముందు కనిపెడతారు. లండన్ ఊసు ఆరోజు ఎత్తకండి. ప్రదర్శన అయ్యాక అసలు ఖర్చులు పక్కన రాసి మళ్లీ చూపించండి.