పాప నవల చదివి నేనెందుకు ఏడుస్తున్నాను?

ప్రశ్న: మా పాప ఇంటర్ సెకండియర్, బైపీసీ. నీట్ పుస్తకాల మధ్య ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ అనే ఇంగ్లీషు నవల కనిపించింది. ప్రేమకథ అని తెలిసి, లాక్కుని బీరువాలో పెట్టాను. అందులో ఏముందో చూద్దామని తర్వాత నేనే తీసి, ఫోన్లో అర్థాలు వెతుక్కుంటూ నాలుగు రాత్రుల్లో చదివేశాను. చివర్లో కుర్రాడు చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా వీధిలో ఒకబ్బాయి ఉండేవాడు. ఇష్టమని చెప్పుకున్నది ఒక్కసారే. ఆ ఏడే కామెర్లతో పోయాడు. వాళ్లింటి ముందు షామియానా వేసి ఉంటే, తల దించుకుని కాలేజీకి వెళ్లిపోయాను. పాతికేళ్లయింది. మావారు చాలా మంచివారు. ఇప్పుడిలా ఏడవడం ఆయనకు ద్రోహం కాదా? పాపేమో నాతో మాట్లాడటం మానేసింది. ఒకటే టెన్షన్.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ద్రోహం అన్న మాట పక్కన పెట్టండమ్మా. ముందు ఆ షామియానా సంగతి మాట్లాడుకుందాం.

జాన్ గ్రీన్ రాసిన ఈ నవలలో హేజెల్ పదహారేళ్ల పిల్ల. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి, ఆక్సిజన్ సిలిండర్ వెంట లాక్కుంటూ తిరుగుతుంది. అలాంటి పిల్లకు కూడా దొరికినది ఒకటుంది, మీకు దొరకలేదు. తాను పోయాక ఏం మాట్లాడతారో బతికుండగానే వినాలని ఉందని, ఆమె ప్రేమించిన కుర్రాడు గస్ అడిగితే, రాసుకొచ్చింది అతని ఎదుటే చదివి వినిపించింది. తర్వాత అంత్యక్రియలకు వెళ్లి అందరి ముందూ మాట్లాడింది. ఆమె అతనికేమవుతుందో అందరికీ తెలుసు. మీరు ఆ రోజు కాలేజీకి వెళ్లి రికార్డులు రాసుకుని ఉంటారు.

బయటికి చెప్పుకునే హక్కు లేని ఇలాంటి దుఃఖం మీద అమెరికాలో కెన్నెత్ డోకా 1989లోనే ఒక పుస్తకం తెచ్చారు. చుట్టూ ఉన్నవాళ్లు గుర్తించరు కాబట్టి అది లోపలే ఉండిపోతుంది. అప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది, అంతే. మీవారికి చెందాల్సినదేదీ అందులో లేదు.

ఆయనకు చెప్పాలా అంటే, తప్పనిసరేం కాదు. చెప్పాలనిపిస్తే మాత్రం నేరం ఒప్పుకుంటున్నట్టు చెప్పకండి. (మగవాళ్లు తమ ఇంటర్ ప్రేమకథల్ని పెళ్లి భోజనాల దగ్గర జోకులుగా చెప్పుకుంటారు. మనకే ఈ గుండెదడ!) ఒక పని మాత్రం చేసి చూడండి. హేజెల్‌లాగే ఆ అబ్బాయి గురించి ఒక పేజీ రాయండి. దాచుకుంటారో, చించేస్తారో మీ ఇష్టం. రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, అన్నం సయించకపోయినా డాక్టర్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు, తెలుగులోనే.

ఇక మీరు చేసిన తప్పు. పుస్తకం లాక్కోవడం. హేజెల్‌కు ప్రాణమైన నవల ఒకటి వాక్యం మధ్యలోనే ఆగిపోతుంది. తర్వాత ఏమైందో ఆ రచయితనే అడుగుదామని, ఆ ఒంటితో అమెరికా నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా వెళ్తుంది. మీ పాపనూ మీరు సరిగ్గా అలాగే మధ్యలో ఆపేశారు. మాట్లాడకపోతే ఏం చేస్తుంది మరి!

ఇంకో సంగతి. హేజెల్ ఐసీయూలో ఉన్నప్పుడు, ‘ఇక నేను అమ్మను కాను’ అని వాళ్లమ్మ తన భర్తతో అంటూ ఏడుస్తుంది. పిల్లకు వినబడదనుకుంది. వినబడింది. ఆ మాట ఏళ్ల తరబడి హేజెల్‌ను తొలుస్తూనే ఉంటుంది. మీ నాలుగు రాత్రుల ఏడుపూ పక్క గదిలోకి వినబడే ఉంటుంది. అమ్మ తనవల్లే ఏడుస్తోందని పాప అనుకుంటోందేమో, ఎవరికి తెలుసు.

అందుకే దాచకండి. ‘చదివాను, నాకూ ఏడుపాగలేదు, ముగింపు మాత్రం చెప్పను’ అనండి. ‘నీకూ ఎవరైనా ఉన్నారా’ అని అదే ఊపులో ఆరా తీయొద్దు. అలా అడిగితే పుస్తకం ఎరగా వేశారనుకుంటుంది. ఆ అబ్బాయి కథ తనకు చెప్పాలో వద్దో తర్వాత చూద్దాం, తొందరేం లేదు. నీట్ అంటారా, రాత్రి పడుకునే ముందు అరగంట నవల చదివితే ర్యాంకు పోదు. బీరువాలో ఉందన్న పుస్తకం గురించి రోజంతా కుమిలిపోతే మాత్రం చదువు సాగదు.

ఈ రాత్రే తీసి ఇచ్చేయండి. ఇచ్చేముందు, పాప ఏ పేజీలో గుర్తు పెట్టుకుందో అది అక్కడే ఉందో లేదో చూసుకోండి.