అమ్మడూ, ముందు ఆ ప్లగ్ టాప్ విప్పి చూడు

అమ్మడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలు ఉద్యోగం మానేసి ఎవడో చెడగొట్టిన పని బాగుచేస్తానని కాంట్రాక్టు ఒప్పుకుంది, నువ్వైనా గడ్డి పెట్టు" అంది. పెడతానన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం మీ అత్తయ్యకి మూడుసార్లు చెప్పాను, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో రెండు అంతస్తుల ఆఫీసు, 14 మీటింగ్ రూములు, వాటిలో టీవీలు, స్పీకర్లు, వైర్లు అన్నీ మన అమ్మడే చూసుకుంటుందని. ఇదంతా వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా పెడితే నువ్వు బొటనవేలి బొమ్మ ఒకటి పడేసి వదిలేస్తావు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఏదీ ముట్టుకోకముందే ప్రతి రూమూ ప్రతి ర్యాకూ ఫోటోలు తీసి పెట్టుకో, లేకపోతే పాతవాడి తప్పులన్నీ నీ ఖాతాలో రాస్తారు. పీకిన వైరుకి రెండు చివర్లా లేబుల్. సీలింగ్ స్పీకర్లు టైలు మీద ఊరికే కూర్చుని ఉంటే ఒక్కోదాన్నీ పైన స్లాబుకి సేఫ్టీ వైరుతో కట్టించు. టీవీలు జిప్సమ్ గోడకి తగిలించి వెనక ప్లైవుడ్ వెయ్యకపోతే ఆ రోజే దించెయ్, మేనేజర్ మొహం మాడ్చుకున్నా సరే. రాత్రిపూట పనిచేస్తే నిచ్చెన పట్టుకునే మనిషి లేకుండా సీలింగ్‌లో తల పెట్టొద్దు. ఇది మీ అమ్మ మాట కాదు, నా మాట.

కేబుల్ దగ్గర మొహమాటపడకు. ఎస్‌పీ రోడ్డులో చవగ్గా దొరికే క్యాట్ సిక్స్ నెట్‌వర్క్ కేబుల్ బాక్సుల్లో రాగి పూత వేసిన అల్యూమినియం కూడా ఉంటుంది, నేనూ మోసపోయాను. బ్లేడుతో గీకు, లోపల తెల్లగా మెరిస్తే అంతా మార్చాల్సిందే. 20 మీటర్లు మామూలు హెచ్‌డీఎంఐ వైరు లాగి ఫోర్‌కే బొమ్మ రాలేదని టీవీని తిట్టేవాళ్లు ఉంటారు. అంత దూరానికి అసలైన రాగి క్యాట్ సిక్స్ మీద హెచ్‌డీబేస్‌టీ పెట్టుకో, అదే, బొమ్మనీ శబ్దాన్నీ నెట్‌వర్క్ కేబుల్ మీద దూరం పంపే పెట్టెల జత.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. బోర్డ్‌రూమ్‌లో స్పీకర్లు గుయ్‌మంటున్నాయనీ, ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే ఇంకా పెరుగుతోందనీ మీ అమ్మతో అన్నావట. ఆవిడకి అదో చిన్న విషయం.

2004లో రెసిడెన్సీ రోడ్డులో ఒక ఆఫీసు ట్రైనింగ్ రూములో ఇదే హమ్మింగ్. ఎవరో చేసి పారిపోయిన పని, నన్ను పిలిచారు. ప్రొజెక్టరుకి ఒక బోర్డు నుంచి కరెంటు, ఆంప్లిఫయర్‌కి ఇంకో బోర్డు నుంచి. రెండు ఎర్తులకీ మధ్య కొద్దిగా వోల్టేజీ తేడా, దానివల్ల ఆడియో వైరు షీల్డులోంచి, అంటే లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగులోంచి, కరెంటు పారుతూ 50 హెర్ట్జ్ మోత. సరిగ్గా చెయ్యాలంటే గోడ కొట్టి కొత్త లైను లాగాలి. మర్నాడు పొద్దున వాళ్లకి ఎవరో పెద్దవాళ్ల మీటింగ్. నేనేం చేశానంటే, ఆంప్లిఫయర్ త్రీ పిన్ టాప్ విప్పి ఎర్త్ వైరు ఊడదీసి టేపు చుట్టేశాను. మోత టక్కున ఆగిపోయింది. మేనేజర్ చప్పట్లు కొట్టాడు, చెక్కు అదే రోజు. ఆ డబ్బుతోనే సంక్రాంతికి మీ అమ్మకి పట్టుచీర కొన్నాను, నీకు గుర్తుండదు.

నాలుగు నెలలకి ఆంప్లిఫయర్ లోపల మెయిన్స్ వైరు ఒరిసి ఒరిసి బాడీకి తగిలింది. ఎర్త్ ఉంటే ఆ క్షణమే బోర్డులో ఎంసీబీ పడిపోయి కరెంటు ఆగిపోయేది, అంతటితో సరి. అప్పటిదాకా ఆడియో వైరు షీల్డే దానికి అరకొర ఎర్త్, ప్రొజెక్టరు సర్వీసుకని దించినప్పుడు అదీ పోయింది. హౌస్‌కీపింగ్ ఆవిడ, మన అనంతపురం వైపు మనిషే, ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని ఇంకో చేత్తో తడిగుడ్డ పెట్టి దాన్ని తుడిచింది.

బతికింది. చెయ్యి కాలింది, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. చూడ్డానికి వెళ్తే, "అన్నా, మెషీన్ ఏమైనా పాడైందా, జీతంలో పట్టుకుంటారా" అని అడిగింది.

నేను వెళ్లింది ఆఫీసు నుంచే. ఆసుపత్రికి బయల్దేరకముందే, ఎవరూ చూడకుండా ఆ టాప్ విప్పి ఎర్త్ వైరు మళ్లీ బిగించేసి మరీ వెళ్లాను. ఆవిడ ఆసుపత్రి బిల్లు నేనే కట్టాను, అందరూ మంచివాడన్నారు. ఇది మీ అత్తయ్యకి కూడా తెలీదు.

అందుకని విను. చార్జర్ పీకితే మోత ఆగితే అది గ్రౌండ్ లూపే, అంటే నేను పైన చెప్పిన రెండు ఎర్తుల గొడవే. ఆ రూములో టీవీ, ఆంప్లిఫయర్, టేబుల్ మీది సాకెట్లు అన్నీ ఒకే బోర్డుకి మార్పించు, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే. మీటరు పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఎంతుందో చూడు, రెండు మూడు వోల్టులు దాటితే వాళ్ల బిల్డింగ్ మనిషిని పిలిపించు. అప్పటికీ పోకపోతే ఆడియో లైనులో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ వెయ్, అది శబ్దాన్ని పోనిచ్చి ఎర్తుల మధ్య లింకు తెంపుతుంది, పెద్ద ఖర్చేం కాదు. పవర్ వైర్లూ ఆడియో వైర్లూ ఒకే ట్రేలో పక్కపక్కన పడుకుని ఉంటే విడదీయించు, దాటక తప్పని చోట అడ్డంగా దాటించు. వారం లేటవుతుందా, అవనీ. నీ పేరు పోతుందని భయపడతావు, నాకు తెలుసు, మీ అమ్మ పోలికే నీది.

నా పాత ఫ్లూక్ మీటరు తీసి తుడిచి పెట్టాను, బ్యాటరీ కూడా కొత్తది వేశాను. ఆదివారం రామమూర్తి నగర్ వచ్చి పట్టుకెళ్లు, మీ అత్తయ్య సంగటి చేస్తానంటోంది. ఈలోపు రేపు పొద్దున సైటుకి వెళ్లగానే బోర్డ్‌రూమ్ ఆంప్లిఫయర్ స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, టాప్ విప్పి, పెద్ద పిన్నుకి పచ్చ వైరు ఉందో లేదో ఫోటో తీసి పంపు. నీకంటే ముందు అక్కడ పనిచేసినవాడు కూడా నాలాంటివాడే అయ్యుంటాడు.

మీ మామయ్య