టెక్ సందేహాలు: పొగ గొట్టానికి మూత పెట్టొచ్చా?

సందేహం: మా ఇంట్లో తాతల నాటి రాగి బాయిలర్ ఉంది. నలభై లీటర్లు పడుతుంది. పొద్దున్నే అందరి స్నానాలకూ అదే దిక్కు. కట్టెలు మాత్రం తెగ తింటోంది, తూకం వేసి చూస్తే రోజుకు మూడు కిలోలు. పొగ గొట్టం మీద చెయ్యి పెడితే కాలుతోంది. అంత వేడి ఊరికే పోతోందని బాధ. గొట్టం మూతి సగం మూసేస్తే సరిపోతుందా? లేదంటే దీన్ని అమ్మేసి, డ్రమ్ములో రాగి ట్యూబు చుట్టి కొత్తది చేయిద్దామనుకుంటున్నా. ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుతో ఫ్యాన్ పెట్టి మంటను కంట్రోల్ చేసే ఆలోచన కూడా ఉంది.
– డిప్లొమా మెకానికల్ విద్యార్థి, జగిత్యాల జిల్లా

జవాబు: బాయిలర్ అమ్మకండి. ఆ మాట ముందు ఒప్పుకుంటే మిగతాది మాట్లాడుకుందాం.

చలి ముదిరిన దగ్గర్నుంచి ఇదే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. ఒకాయన గొట్టం మీద ఇటుక పెట్టానన్నారు. ఇంకొకాయన సత్తు పళ్లెం బోర్లించారట. వేడి పోతోందన్న బాధ అందరిదీ. కానీ కట్టెలు తూకం వేసి రాసింది మీరొక్కరే, అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

లెక్క చూద్దాం. నలభై లీటర్ల నీళ్లు 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు రావాలంటే 40 × 40 × 4.2, అంటే 6,720 కిలోజౌళ్లు కావాలి. గాలికి బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 15,000 కిలోజౌళ్లు ఇస్తుంది. మూడు కిలోలకు 45,000. నూటికి పదిహేను పాళ్లు నీళ్లలోకి వెళ్తున్నాయి, ఎనభై అయిదు పాళ్లు ఎటో పోతున్నాయి. అవన్నీ పొగ గొట్టంలోంచే పోతున్నాయని మీరు అనుకుంటున్నారు. అక్కడే పొరపాటు.

మొదట కట్టెల సంగతి. అప్పుడే కొట్టిన పచ్చి తుమ్మ మొద్దు కిలో అంటే అందులో దాదాపు అర కిలో నీళ్లే. మీ స్నానపు నీళ్ల కంటే ముందు ఆ నీళ్లు ఆవిరి కావాలి. దాంతో కిలోకు 15,000 ఇవ్వాల్సింది ఎనిమిది వేల దగ్గర ఆగిపోతుంది. ఒక వేసవి అంతా కప్పు కింద ఎండిన కట్టె వాడితే, బాయిలర్‌కు ఒక్క రూపాయి ఖర్చు పెట్టకుండానే సగం సమస్య తీరుతుంది. ఈ మాట చెప్తే ఎవరికీ నచ్చదు. అందరికీ కొనుక్కొచ్చి బిగించే వస్తువు కావాలి.

రెండోది, మంట పూర్తిగా మండకపోవడం. మీ బాయిలర్‌లో నిప్పుల గూడు చుట్టూ నీళ్లే ఉంటాయి. చల్లటి రాగి గోడకు మంట తగిలితే సగంలోనే చల్లబడుతుంది. మండాల్సిన వాయువులు మండక నల్లటి పొగగా, మసిగా మారతాయి. ఆ నల్ల పొగ కూడా ఇంధనమే, డబ్బు పెట్టి కొన్నదే. 1980ల్లో అమెరికాలో ల్యారీ వినియార్స్కీ అనే ఇంజినీరు తక్కువ కట్టెతో మండే రాకెట్ పొయ్యిని రూపొందించినప్పుడు పట్టుకున్న సూత్రం ఇదే: ముందు మంటను వేడి పోని గదిలో పూర్తిగా మండనివ్వాలి, ఆ తర్వాతే గిన్నెకు తగలనివ్వాలి. మీ బాయిలర్‌ కింద జానెడు ఎత్తున ఇటుకలతో చిన్న గూడు కట్టి, అడుగున ఇనుప జాలీ పెట్టి, కట్టెలు దాని మీద మండేలా చేయండి. గాలి జాలీ కింద నుంచి రావాలి. బూడిద రోజూ తీయాలి. పొగ రంగు చూస్తే ఫలితం మీకే తెలుస్తుంది.

ఇప్పుడు గొట్టం. వేడి గాలికి తొందర ఎక్కువ. గొట్టం మధ్యలోంచి నిటారుగా పైకి లేచిపోతుంది, అంచులకు తగలదు. గొట్టం పొడవునా సరిపడే ఇనుప పట్టీ ఒకటి తీసుకుని, రెండు చివర్లూ పట్టుకుని మురుకులా మెలితిప్పి లోపల వేలాడదీయండి. పొగ సుడులు తిరుగుతూ గోడలను రాసుకుంటూ పోతుంది, దాని వేడి గొట్టం చుట్టూ ఉన్న నీళ్లకు దిగుతుంది. వారానికోసారి పట్టీ బయటికి లాగి మసి దులపండి. మసి పొర వేడిని ఆపుతుంది. లోపలి వైపు బోరు నీళ్ల సున్నం పొర కూడా అంతే.

మీ ఆర్డుయినోకు నేను చెప్పే పని ఇక్కడ ఉంది. ఫ్యాను వద్దు. ఎక్కువ వేడిని కొలిచే కే టైపు థర్మోకపుల్ తీగ ఒకటి, దాని రీడింగును ఆర్డుయినోకు అందించే మాక్స్ 6675 మాడ్యూల్ కొని గొట్టం పై చివర పొగ వేడి కొలవండి. పట్టీ పెట్టక ముందు ఎంత, పెట్టాక ఎంత? మూడొందల డిగ్రీలుంటే ఇంకా దొరికే వేడి ఉంది. నూట యాభై దగ్గరికి వస్తే ఇక ఆపేయండి. వంద కంటే కిందికి దించితే పొగలోని ఆవిరి, తారు గొట్టంలోనే గడ్డకట్టి మూసుకుపోతుంది. పొగలో పోయే వేడిని దాచుకోవచ్చు కానీ పొగను దాచుకోకూడదు. మూతి సగం మూస్తే జరిగేది అదే. లాగుడు తగ్గి పొగ ముందు వైపు నుంచి మీ మొహం మీదికి వస్తుంది, దానితో పాటు కార్బన్ మోనాక్సైడ్ అనే విష వాయువు కూడా.

మంట ఆరాక మాత్రం ఒక మాట. నిప్పులు పూర్తిగా చల్లారాక కూడా గొట్టం చల్లగాలిని లాగుతూనే ఉంటుంది, కాగిన నీళ్లను లోపల నుంచి చల్లారుస్తుంది. అప్పుడు మూత వేయొచ్చు. నిప్పులు కణకణలాడుతుండగా వేయకూడదు. బాయిలర్ వాకిట్లోనో పెరట్లోనో ఉన్నా సరే. బయటి రాగి ఒంటికి గోనె సంచులు రెండు మూడు వరసలు చుడితే ఆ నష్టమూ తగ్గుతుంది, మంట దగ్గర మాత్రం వదిలేసి.

ఇక అమ్మకండి అని ఎందుకన్నానంటే, మీ తాతగారి బాయిలర్‌ను ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. పైన గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే, పక్క కొమ్ములోంచి ఒక చెంబు వేడి నీళ్లు బయటికి వస్తాయి. చన్నీళ్లు గరాటు గొట్టం గుండా అడుక్కి వెళ్తాయి, తేలికైన వేడి నీళ్లు పైనుంచి పొర్లుతాయి. అది ఎప్పుడూ ఖాళీ కాదు కాబట్టి అడుగంటదు. పైన తెరిచే ఉంటుంది కాబట్టి ఆవిరి బిగుసుకోదు. వాల్వు లేదు, సెన్సర్ లేదు, మాన్యువల్ లేదు. మీరు చేయిద్దామనుకుంటున్న డ్రమ్ము–ట్యూబు మోడల్‌లో ఎవరైనా తెలియక కుళాయి కట్టేశారనుకోండి. నీళ్లు ఆవిరైతే పదహారు వందల రెట్లు ఉబ్బుతాయి. బాంబుకు అంతకంటే ఏం కావాలి? ట్యూబు చుట్టే తీరాలనుకుంటే, వేడి నీళ్ల వైపు కుళాయి లేని, ఎప్పుడూ తెరిచి ఉండే గాలి గొట్టం పెట్టకుండా నిప్పు ముట్టించొద్దు.

సందేహం: అపార్ట్‌మెంట్‌లో మాది గ్యాస్ గీజర్. బాత్రూంలోనే బిగించారు. స్నానం చేసి వచ్చాక నాకూ మా అమ్మాయికీ తలనొప్పి, కళ్లు తిరగడం. వేడి నీళ్లకు బీపీ పడిపోతోందేమో అనుకున్నాం. ఆక్సీమీటర్‌లో 98 చూపిస్తోంది. గ్యాస్ కూడా త్వరగా అయిపోతోంది. ఎక్కువ ఎఫిషియెన్సీ ఉన్న మోడల్‌కు మారమంటారా?
– గృహిణి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ రోజే ఆ గీజర్ వాడటం ఆపేయండి. మోడల్ సంగతి తర్వాత. మీ తలనొప్పికి కారణం బీపీ కాకపోవచ్చు, ఆ గీజర్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు.

ఆ ఆక్సీమీటర్‌ను నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మామూలు ఆక్సీమీటర్‌కు ఈ రెంటికీ తేడా తెలియదు. మనిషి పడిపోయే స్థితిలో కూడా 98 చూపించగలదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటికీ వచ్చిన ఆ చిన్న పరికరం ఇక్కడ అబద్ధం చెప్తుంది. మళ్లీ ఎవరికైనా కళ్లు తిరిగితే గ్యాస్ కట్టేసి, బయటి గాలిలోకి తీసుకెళ్లి, 108కు ఫోన్ చేయండి. డాక్టరుకు గ్యాస్ గీజర్ ఉందని ముందే చెప్పండి. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఆ విషం సగానికి తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది.

ఇది ఎందుకు జరుగుతుందో మామూలు బాత్రూం కొలతలతోనే చెప్తాను. అయిదడుగులు, ఏడడుగులు, ఎత్తు ఎనిమిది అనుకుందాం. లోపల పట్టే గాలి ఎనిమిది ఘనపు మీటర్ల లోపే. నిమిషానికి ఆరు లీటర్లు ఇచ్చే గీజర్ గంటకు దాదాపు కిలో గ్యాస్ కాలుస్తుంది. వంటింటి బర్నర్లు నాలుగైదు ఒకేసారి పెద్ద మంట మీద పెట్టినట్టు. కిలో గ్యాస్‌కు పన్నెండు ఘనపు మీటర్ల గాలి కావాలి. పావుగంట స్నానానికి మూడు. తలుపు గడియ పెట్టి, వెంటిలేటర్ మూసి ఉంటే, గదిలో ఉన్న ఆక్సిజన్‌లో మూడో వంతుకు పైగా గీజరే తాగేస్తుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వదలడం మొదలుపెడుతుంది. దానికి వాసన ఉండదు. గ్యాస్ లీకైతే వచ్చే కంపు గ్యాస్‌లో కలిపిన మందుది, కాలాక అది మిగలదు.

కొంతకాలం కింద ఒక కొండ ఊళ్లో లాడ్జిలో దిగాను. బాత్రూంలో గ్యాస్ గీజర్, వెంటిలేటర్‌కు పాత న్యూస్‌పేపరు, దాని చుట్టూ గోధుమరంగు టేపు నీటుగా అంటించి ఉంది. ఎందుకిలా అని అడిగితే “చలిగాలి రాకుండా సార్, గెస్టులు కంప్లయింట్ చేస్తున్నారు” అన్నాడు కుర్రాడు. ఆ టేపు నేనే పీకాను. మళ్లీ అంటించి ఉంటారు, నాకు తెలుసు.

గీజర్ అన్న పేరు ఎక్కడిదో తెలుసా? 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే రంగులు వేసే పనివాడు గ్యాస్‌తో అప్పటికప్పుడు నీళ్లు కాచే పరికరం చేసి, ఐస్‌లాండ్ వేడి నీటి బుగ్గ పేరు పెట్టాడు. దానికి పొగ గొట్టం లేదు. పాపం, మొదటి ప్రయత్నం, క్షమించొచ్చు. నూట యాభై ఏళ్లు దాటాక మన మార్కెట్లో అమ్ముతున్న చవక మోడళ్లలో కూడా పొగ గొట్టం లేకపోతే దాన్ని ఏమనాలి? డిజిటల్ డిస్‌ప్లే పెట్టారు, రిమోట్ ఇచ్చారు, ముందు అద్దం మీద పూల బొమ్మ వేశారు. పైన చిల్లులు మాత్రం పొగను మీ తల మీదే వదులుతాయి. బిగించే మనిషి వచ్చినప్పుడు బాత్రూంలోనే డ్రిల్లు పెడతాడు, ఎందుకంటే పైపు అక్కడే ఉంది. మాన్యువల్‌లో ‘గాలి ఆడే చోట అమర్చండి’ అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది రాసినవాళ్లకు మన బాత్రూంలు ఎలా ఉంటాయో తెలియదని నేను అనుకోను.

మీరు చేయాల్సింది: గీజర్‌ను బట్టలుతికే బాల్కనీలోకి, బయటి గోడ మీదికి మార్పించండి. వేడి నీళ్ల పైపు మాత్రమే లోపలికి రావాలి. లోపల పెట్టక తప్పకపోతే గాలి బయట నుంచి తీసుకుని పొగ బయటికే వదిలే మోడల్ కొనండి, ధర ఎక్కువే. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి విడిగా కొనండి. గ్యాస్ లీక్ డిటెక్టర్ ఉంది కదా అనుకోవద్దు, అది వేరు, ఇది వేరు. జగిత్యాల తమ్ముడు వెంటనే కార్బన్ మోనాక్సైడ్‌ను పసిగట్టే ఎంక్యూ 7 సెన్సర్‌తో ఇంట్లో చేసేస్తానంటాడు. ప్రాజెక్టుకు చెయ్యి బాబూ, ప్రాణాలకు మాత్రం తయారైన అలారమే కొను.

గ్యాస్ త్వరగా అయిపోవడమంటారా? మంట కొసలు పసుపుగా ఉంటే బర్నర్‌లో దుమ్ము, సాలెగూడు చేరి ఉంటాయి. సర్వీసు చేయిస్తే సరిపోతుంది. బక్కెట్టు స్నానానికి లెక్క ప్రకారం యాభై గ్రాముల లోపే కావాలి. అరవై డిగ్రీలకు కాచి చన్నీళ్లు కలుపుకునే బదులు నలభై రెండు దగ్గర పెట్టండి.

సందేహం: గ్యాస్ గీజర్‌కు వైఫై స్విచ్ పెట్టి ఆఫీసు నుంచి ఆన్ చేయొచ్చా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: వద్దు. మీరు చూడని చోట నిప్పు వెలిగించే హక్కు ఏ యాప్‌కూ ఇవ్వొద్దు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని పరికరాలు, ఎక్కడో ఉన్న సర్వర్ పడిపోతే ఆఫ్ కాని స్విచ్‌లు ఎన్నో చూశాను. బల్బు అయితే నవ్వుకుంటాం. అయినా మీది నీళ్లు తిప్పగానే వెలిగే గీజర్. ముందే ఆన్ చేసి ఏం కాస్తారు?

సందేహం: మా ఇంట్లో కొత్తగా ‘హై ఎఫిషియెన్సీ’ గ్యాస్ వాటర్ హీటర్ పెట్టారు. పొగ గొట్టం ప్లాస్టిక్‌ది! పైగా కింద చిన్న ట్యూబులోంచి నీళ్లు కారుతున్నాయి. మోసపోయామా?
– ఒహాయో, అమెరికా

జవాబు: మోసం కాదు. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. మామూలు హీటర్ ఆ ఆవిరిని పొగతో వదిలేస్తుంది. మీది పొగను యాభై అయిదు డిగ్రీల కంటే కిందికి చల్లార్చి, ఆవిరిని నీళ్లుగా మార్చి, అందులో దాక్కున్న వేడిని కూడా లాక్కుంటుంది. అందుకే నూటికి తొంభై దాటుతుంది, అందుకే ప్లాస్టిక్ గొట్టం సరిపోతుంది. కట్టెల బాయిలర్‌లో ఈ పని చేస్తే తారుతో గొట్టం మూసుకుపోతుంది కాబట్టి జగిత్యాలలో కుదరదు. చలికాలంలో ఆ ట్యూబు గడ్డకట్టకుండా చూసుకోండి, కడితే హీటర్ ఆగిపోతుంది. ఆ నీళ్లకు పులుపు గుణం ఉంటుంది, డ్రెయిన్‌లోకి పోయే ముందు సున్నపురాయి ముక్కలున్న డబ్బా గుండా వెళ్తున్నాయో లేదో ప్లంబర్‌ను అడగండి. వృథా ఎందుకని కింద చెంబు పెట్టి కరివేపాకు కుండీలో మాత్రం పోయకండి.